కచ్చా దారం

సత్యానందం రెండు చూపుడువేళ్లను రెక్క కింద ఆనించి థర్మాకోల్ విమానాన్ని పైకి లేపి, ఊపిరి బిగబట్టాడు. విమానం కాసేపు ఎటూ తేల్చుకోలేనట్టు ఊగి, చివరికి ముక్కు పైకెత్తి తోక మీదికి వాలింది. కావలసింది దానికి సరిగ్గా తిరగేసి. ముక్కు ఓ పిసరు కిందికి వంగితేనే గాలిలో నిలకడగా ఉంటుంది. తోక బరువైందంటే లేచిన మరుక్షణమే వెనక్కి తిరగబడి నేలకొస్తుంది.

"ఇంక తోకనే బరువున్నది," అని గొణుక్కున్నాడు.

"ఎవల్కి?" అంది పొయ్యి దగ్గర నుంచి కృపమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"దీనికే."

"నాకనుకున్న తియ్."

దూలపల్లి సందులో ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో ఇది రోజూ పొద్దున జరిగే తంతే. బట్టలారేసే తీగకు ఒక పక్క కృపమ్మ చీరలు, ఇంకో పక్క విమానం. చీర తీయబోతే రెక్క తగులుతుంది. ఏడాదిగా ఆమె ఇంట్లో తల వంచుకొని తిరుగుతోంది. చర్చిలో ఆడవాళ్లు "నీ మెడకేమైందమ్మా" అని అడిగితే, "మా ఇంట్ల విమానాశ్రయమున్నది" అని చెప్పింది. వాళ్లు నమ్మలేదు.

ఆ రోజు అది మొదటిసారి ఎగరాలి. అందుకే ఆమె స్టవ్ ఆపి, చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని వచ్చింది. కొత్త వస్తువు ఏది ఇంట్లోకొచ్చినా ప్రార్థన చేయకుండా వాడనివ్వదు. మిక్సీకి చేసింది, గ్యాసుబండకు చేసింది. అరచెయ్యి విమానం వీపు మీద ఆనించి కళ్లు మూసుకుంది. సత్యానందం కూడా మూసుకున్నాడు.

"తండ్రీ, దీన్ని జేసినోళ్లు ఇద్దరు ముసలోళ్లు. ఒక్కడికి తొందరెక్కువ, ఒక్కడికి చూపు తక్కువ. ఇది పైకి పోవాలె, పైలంగ కిందికి రావాలె. అన్న దీన్ని కండ్లార చూడాలె. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు సత్యానందం. అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉంది మరి.

అన్న అంటే చోటే మియా. పేరులో మాత్రమే చోటే. మనిషి ఆరడుగులకు దగ్గర, వయసు డెబ్బై దాటి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. గుండ్లపోచంపల్లిలో దర్జీ. రెండేళ్లుగా ఆయన కంటి నరాలు ఎండిపోతున్నాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా నిలవదు అన్నారు పెద్దాసుపత్రిలో. పక్కల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చి, నట్టనడుమ ఓ చిన్న కంత మిగిలింది. "గుండీ కాజాలకెళ్లి సూసినట్టున్నది దునియా," అన్నాడు మియా మొదట్లో నవ్వుతూ. ఆర్నెల్ల తర్వాత, "కాజ గూడ బిగుసుకుంటాంది సత్తెం," అన్నాడు. అప్పుడు నవ్వలేదు.

ఆ కాజా మూసుకుపోకముందే విమానం ఎగరాలి. ఆ కాస్త కంతలోంచి మియా దాన్ని చూడాలి. సత్యానందం ఏడాదిగా దేవుణ్ని అడుగుతున్నది ఇదొక్కటే.

*

కంపెనీలో పొద్దుటి డ్యూటీ. సత్యానందం పనిచేసేది థర్మాకోల్ పోసే షెడ్డులో. అచ్చు మూసుకుంటుంది, లోపలికి ఆవిరి తోసుకొస్తుంది, నూకల్లాంటి గుళ్లు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అచ్చు తెరుచుకోగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు తెల్లటి ఆవిరి మొహానికి కొడుతుంది. చెయ్యి పెట్టి, ముక్క తీసి, గుట్టలో వేసి, మళ్లీ అచ్చు మూయాలి. పెళ్లికాక ముందు చేరాడు, ఇప్పుడు నెత్తి నెరిసింది. నెరిసిందేదో అంటుకున్న గుళ్లేవో దూరం నుంచి చెప్పడం కష్టం. సాయంత్రం గుమ్మంలో కూర్చోబెట్టి కృపమ్మ ఏరుతుంది. "ఇది ఊడొస్తలేదేంది?" అని లాగితే, అది నిజం వెంట్రుకై ఉంటుంది.

పొట్టి మనిషి, వెడల్పు చేతులు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. యూనియన్ ఎన్నికల్లో నిలబడమంటే నవ్వి ఊరుకున్నాడు. ఫోటోల్లో ఎప్పుడూ చివర నుంచి రెండోవాడు. టీవీ మూలలకు, ఫ్రిజ్జుల అడుగుకు, మందుల పెట్టెలకు అతను చేసిన తెల్లముక్కలు ఎన్ని ఊళ్లు తిరిగాయో లెక్కలేదు. జనం టీవీని గోడకు పెట్టుకుంటారు, దాన్ని దెబ్బ తగలకుండా తెచ్చిన ముక్కను మాత్రం విప్పగానే బయట పడేస్తారు. సత్యానందానికి అందులో తప్పేమీ కనబడలేదు. సామాను క్షేమంగా చేరిందంటే మన పని అయిపోయినట్టే కదా అనుకునేవాడు.

మధ్యలో టీకి గంట కొట్టారు. అతను షెడ్డు వెనక తలుపు దగ్గర నిలబడి తలెత్తాడు. దుండిగల్ వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి తీరిగ్గా చుట్టు తిరుగుతోంది. ఆ మోత ఈ ఊళ్లలో అందరికీ అలవాటే, ఎవరూ చూడరు. సత్యానందం మాత్రం చూస్తాడు. చూస్తున్నంతసేపూ చేతిలో టీ చల్లారిపోతుంది. ఆ పైన కూర్చున్నవాడికి కింద ఈ రేకుల షెడ్డు కనబడుతుందా, కనబడితే ఎంత కనబడుతుంది, అరచేతిలో పట్టేంతా, గోరంతా? ఇలాంటి ఆలోచనలతో అతను ముప్పై ఏళ్లు హాయిగా గడిపాడు. ఎవరికీ చెప్పలేదు, ఒక్క మియాకు తప్ప.

అది కూడా తనంతట తాను చెప్పింది కాదు. పెళ్లి సూటు పుణ్యాన జరిగింది.

*

అప్పట్లో ఈ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికొడుకు సూటు అంటే చోటే మియానే కుట్టాలి. ఆయనకో పట్టింపు ఉండేది. మిషను కుట్టు వేయకముందు గుడ్డను పట్టి నిలపడానికి పొడుగుపొడుగుగా వేసే కచ్చా కుట్టు ఉంటుంది. తక్కిన దర్జీలు బట్ట ఇచ్చేముందే ఆ తెల్లదారం పీకేస్తారు. మియా పీకడు. తొడుక్కొని చూపించాలి. తన కళ్లతో చూసి, బాగుంది అనుకున్నాకే తన చేత్తో తీస్తాడు. "నేను సూడకుంట కచ్చా తీసిన్నంటె, అది నా కుట్టు కాదు," అనేవాడు. తీసిన దారాన్ని పారెయ్యడు కూడా. ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకొని, కొసను లోపలికి దోపి, సాయంత్రం దాకా ఉంగరంలా ఉంచుకుంటాడు.

పెళ్లికి ముందురోజు సత్యానందం ఆ దుకాణంలో సూటు తొడుక్కొని నిలబడ్డాడు. "చేతులు సాపు," అన్నాడు మియా. చాపాడు. సరిగ్గా అప్పుడే దుకాణం మీదుగా విమానం పోయింది. పెళ్లికొడుకు చాపిన చేతులు దించకుండానే గుమ్మం దాకా నడిచి, మోత పోయేదాకా ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. మియా టేపు మెడలో వేసుకొని వెనకే వచ్చాడు.

"ఏందయ్యా, నువ్వు గూడ పోతవా?"

"చిన్నప్పటి సంది మనసు," అన్నాడు సత్యానందం సిగ్గుపడుతూ.

"రెక్కలు కుట్టియ్యమంటె కుడత. ఎప్పుడన్న ఒకటి కుడదాం తియ్."

కానీ సూటు భుజం ఆయనకు నచ్చలేదు. సరిచేసి మర్నాడు పొద్దున పంపాడు, కచ్చా దారంతో సహా. పంపి ఊరుకోలేదు, వెనకే చర్చి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పెళ్లికొడుకును నాలుగు అడుగులు నడిపించి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "హాఁ, ఇగ ఐంది" అని, అందరి ముందరా భుజం మీంచి దారం సర్రున లాగి వేలికి చుట్టుకున్నాడు. అప్పుడే ఆటో దిగుతున్న కృపమ్మ అది చూసి, మేలిముసుగులో ఆపుకోలేక నవ్వింది. "నాకంటె ముందు మా అన్న ఉంగరం తొడుక్కున్నడు" అని ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత కాలం మారింది. సూట్లు దుకాణాల్లో వేలాడుతూ దొరికాయి. మియా బడిపిల్లల నిక్కర్లు కుట్టాడు, సీటు కవర్లు కుట్టాడు, చివరికి మిషను మనవరాలు అనం చేతికిచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చూపు తగ్గడం మొదలయ్యాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగాడు.

"సత్తెం, మనం ఒకటి కుడదామన్నం. యాదికున్నదా?"

సత్యానందానికి యాదికుంది. కంపెనీలో అచ్చు తప్పిన థర్మాకోల్ పలకలు అడిగి తెచ్చాడు, ఫోన్లో వీడియోలు చూసి కోశాడు, అరగదీశాడు. నేర్చుకోవడానికి చేసిన మొద్దు విమానం ఎన్నిసార్లు ముక్కలైందో, ఎన్నిసార్లు అతికిందో. ఈ అసలుదానికి మియా పాత లైనింగు గుడ్డ తీసి రెక్కంతా తొడిగాడు. ఎర్రది. "ఎర్రదైతె నాకు దొరుకుతది," అన్నాడు. రెక్క చివర అటొకటి ఇటొకటి కదిలే సన్న రేకులుంటాయి. వాటిని తిప్పితేనే విమానం పక్కలకు మళ్లుతుంది. బిజాగ్రీలకు బదులు ఆ రేకులను నైలాన్ దారంతో కుట్టాడు మియా. చూపుతో కాదు, వేళ్లతో.

*

డ్యూటీ దిగి, నాలుగు ముద్దలు తిని, విమానం మొండెం ఒక పెట్టెలో, రెక్క చంకలో పెట్టుకొని సత్యానందం మోపెడ్ మీద గుండ్లపోచంపల్లి చేరేసరికి మధ్యాహ్నం వాలుతోంది. చలి పోయి ఎండ ఇంకా ముదరని రోజులు. మియా తెల్ల లాల్చీ వేసుకొని, గడ్డం దువ్వుకొని, స్టూలు మీద పెళ్లికి పోయేవాడిలా సిద్ధంగా కూర్చున్నాడు. ఒళ్లో ఎర్రగుడ్డ సంచి ఒకటి, పొడుగ్గా.

"రెక్కకు గలీబు," అని చూపించాడు. దిండుకు తొడిగినట్టు రెక్కకు తొడగడానికి. అంచు పొడుగునా తెల్లటి కచ్చా దారం అలాగే ఉంది.

"తీయలేదేంది మియా?"

"ఎగరనియ్. సూసినంక తీస్త."

బ్లౌజుకు కాజాలు కుడుతున్న అనం తలెత్తింది. "పొద్దటి సంది గిదే ముచ్చట సత్తెం చాచా. నిన్న రాత్రి ఛాతీల పట్టినట్టున్నదన్నడు. ఆసుపత్రికి పోదాం దాదా అంటె, ఎల్లుండి అంటడు. జర జల్దీ తీస్కరాండ్రి."

"ఛాతీల గాలి పట్టింది. గంతే," అన్నాడు మియా. "పోరి ఉట్టిగ పరేషాన్ అయితది."

సత్యానందం ఆయన మొహంలోకి చూశాడు. పెదవులు కాస్త నల్లబడ్డట్టున్నాయి. "ఇంకో రోజు పోదాం మియా. అది యాడికి పోతది?" అన్నాడు.

"అది పోదు. నా కన్ను పోతది," అన్నాడు మియా. మాట మామూలుగానే ఉంది. "నిన్న సూది బెజ్జం కనవడలే. సూది గూడ కనవడలే. దొరికినంతల దొరికిచ్చుకోవాలె గద."

సత్యానందం పెట్టె విప్పాడు.

కత్తిరించే బల్ల మీద విమానాన్ని జోడించారు. రెక్కను మొండెం మీద పెట్టి రబ్బరు బ్యాండ్లతో అటూ ఇటూ బిగించారు. తోక బరువు సంగతి వినగానే మియా సొరుగులో చెయ్యి పెట్టి దారం అయిపోయిన ఇనుప బాబిన్ ఒకటి తీసిచ్చాడు. ముక్కులో ఇప్పటికే రెండున్నాయి, ఇది మూడోది. సత్యానందం వేళ్ల మీద లేపి చూశాడు. ముక్కు తల వంచి సలాము చేసినట్టు ఓ పిసరు కిందికి దిగి నిలిచింది. ఇద్దరూ పిల్లల్లా నవ్వుకున్నారు.

"ఇగ నడువు," అన్నాడు సత్యానందం.

"ఆగు. రేకులు సూడనియ్." మియా లేచి, బల్ల తడుముకుంటూ తోక వైపు వెళ్లి నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి రెండు రేకుల మీద వేళ్లు ఆనించాడు. "కుడికి తిప్పు."

సత్యానందం రిమోట్ మీద పుల్లను కుడికి నెట్టాడు. మియా వేళ్ల కింద రేకు ఒకటి లేచింది, ఒకటి వాలింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "మల్లొకసారి."

నెట్టాడు.

"సత్తెం, కుడికి పోవాల్నంటె కుడి రేకు లేవాలె అన్నవు గద మొన్న. నా ఎడమచేతి కింద లేస్తాందేంది?"

"లేదు మియా, నిన్న రేకులు తిప్పే మోటారు మార్చి చూసిన గద. సరిగనే ఉన్నది."

"యాడ నిలవడి సూసినవ్?"

సత్యానందానికి గుర్తొచ్చింది. విమానం తీగకు వేలాడుతోంది, ముక్కు తన వైపు ఉంది. తను దానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎదురుంగ నిలవడి సూస్తె గిట్లనే ఐతది," అన్నాడు మియా. "కుడి అంటె నీ కుడి కాదు, తొడుక్కునేటోని కుడి. పని నేర్సుకునే రోజులల్ల ఒక పటేలుకు ఎడమ భుజం వంకరుంటె కుడి భుజంల దూది పెట్టి కుట్టిన. ఎదురుంగ నిలవడి కొలిచిన మరి. మా ఉస్తాద్ ఇంచుపట్టీతోని ఈపు మీద రాసిండు, ఎవని కుడో."

అలాగే ఎగరేసి ఉంటే, ఇటు తిప్పితే అటు పోయి, రెండు శ్వాసల్లో నేలకు కొట్టుకునేది. ఏడాది పని, మియా చూపు మిగిలిన ఈ నాలుగు రోజులు, అన్నీ ముక్కలయ్యేవి. రిమోట్‌లో దిశ మార్చాడు. ఈసారి విమానం వెనక, మియా పక్కన నిలబడి చూశాడు. కుడికి నెడితే కుడి రేకు లేచింది.

"బిస్మిల్లా," అన్నాడు మియా. "ఇగ నడువు."

*

శిక్షణ విమానాలు తిరిగే దిక్కున ఎగరేయకూడదు. అందుకే శామీర్‌పేట దాటి చాలా లోపలికి పోయారు. మోపెడ్ మీద ముందు సత్యానందం, కాళ్ల దగ్గర పెట్టె. వెనక మియా, ఒళ్లో మళ్లీ విప్పి గలీబు తొడిగిన రెక్క అడ్డంగా. రెండు పక్కలా అది పొడుచుకొని ఉంటే, మేడ్చల్ రోడ్డు మీద లారీ క్లీనర్లు తలలు బయటపెట్టి చూశారు. ఒకడు ఈల వేశాడు. "ఏమంటుండు?" అని మియా అడిగితే, "లేస్తదా అని అడుగుతుండు," అన్నాడు సత్యానందం. మియా నవ్వు అతని వీపుకు తగిలింది.

గోదాములు వెనకబడ్డాయి, అపార్టుమెంట్లు పలచబడ్డాయి. గాలిలో ఎండుగడ్డి వాసన తగిలింది. మియా ఒక చేత్తో రెక్కను, ఒక చేత్తో సత్యానందం చొక్కాను పట్టుకొని, మధ్యమధ్య అడుగుతున్నాడు. "ఇప్పుడేమున్నది?" "మొక్కజొన్న." "ఇప్పుడు?" "గొర్లు." "ఇప్పుడు?" "ఏం లేదు మియా. ఉట్టి ఆకాశమే." "అచ్ఛా," అన్నాడు మియా, అదేదో గొప్ప ఊరి పేరైనట్టు.

అదొక వెంచర్. కమాను కట్టారు, తారు రోడ్లు వేశారు, ప్లాట్లకు తెల్లరాళ్లు పాతారు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. విమానం పరుగెత్తడానికి అంతకంటే మంచి రోడ్డు ఎక్కడ దొరుకుతుంది? వాచ్‌మన్ వీరయ్య వీళ్లను ఎరుగును. తన గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, మేకలను తోలుకురావడానికి వెళ్లిపోయాడు. సత్యానందం కుర్చీని తూర్పుకు తిప్పి వేశాడు. పొద్దు వీపు వెనక ఉంటుంది, ఎర్రరెక్క మీద ఎండ పడి మెరుస్తుంది. మియాను కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీసి తన బనీను కొసతో తుడిచి పెట్టాడు. రెక్క మళ్లీ బిగించాక, గలీబు ఒళ్లో వేసుకొని మియా దాని అంచును వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

"ఛాతీ ఎట్లున్నది?"

"సప్పుడు చెయ్యకు. గాలి పడిపోయిందా సూడు."

సత్యానందం గడ్డి తుంచి వదిలాడు. అది నిట్టనిలువునా అతని పాదాల మీద పడింది. కనుచూపు మేర ఎక్కడా ఆకు కదలడం లేదు. లోకమంతా ఒక పెద్ద ఖాళీ గది అయి, వీళ్ల కోసమే తలుపులు మూసుకొని కూర్చున్నట్టుంది.

"నేను నీ ముంగటనే నిలవడత మియా. ఎగిరినంక ఎనకకు తిరిగి చూడ. దాని మీదికెల్లి కన్ను తీసిన్నంటె పడిపోతది. నువ్వు మాట్లాడు, నేను ఇంట."

"తిరిగి సూడకు. నా మొకంల ఏమున్నది సూసెటందుకు?"

పుల్ల ముందుకు నెట్టాడు. ముక్కున పంకా గిర్రున తిరిగింది. విమానం తారు మీద తప్పటడుగులు వేస్తూ పరుగెత్తింది, తోక లేచింది, ఒక చక్రం నేలను వదిలింది, రెండోది కూడా వదిలింది. చక్రాల చప్పుడు ఆగింది. అది ఎగురుతోంది. ముప్పై ఏళ్ల కింద చాపిన చేతులు అక్కడ పైన, ఎర్రగా, బరువు లేకుండా పోతున్నాయి.

"లేచింది మియా! లేచింది!"

"ఇనొస్తాంది. ఏడున్నది?"

"కుడి దిక్కు, తుమ్మచెట్ల మీద."

"ఎవని కుడి?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మియా నవ్వు దగ్గులోకి పోయి, మళ్లీ తెరిపిన పడింది. విమానం చుట్టు తిరిగి వచ్చి వాళ్ల ఎదుటి నుంచి సాగిపోయింది.

"పోయిందా?"

"పోయింది. మల్ల తెస్త."

రెండోసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా కిందుగా తెచ్చాడు. ఎండలో రెక్క అడుగు కుంకుమలా వెలిగింది. "ఎర్రగ ఏమో మెదిలింది," అన్నాడు మియా. "పోయింది. దొరుకుత లేదు సత్తెం." గొంతులో పసిపిల్లవాడి బెంగ. అంత పెద్ద ఆకాశంలో, కాజా అంత కంతలోంచి, కదిలే దాన్ని వెతకడం.

"నువ్వు ఎతుకకు. ఒక్కకాడనే సూడు, కరెంటు స్తంభం మీద. నేనే అక్కడికి తెస్త."

మూడోసారి స్తంభం మీదుగా, పడిపోనంత నెమ్మదిలో తీసుకొచ్చాడు. వెనక నుంచి మాట రాలేదు.

"మియా, కనవడ్డదా?"

జవాబు లేదు. వెతుకుతున్నాడు కాబోలు అనుకున్నాడు. అంతలో రిమోట్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోవచ్చింది, దించాలి. మొదటిసారి ఎగరేసినప్పుడు ఆశపడకూడదు, అరుపు వినగానే దించాలి. అతనికి తెలుసు. కానీ ఇంత చేసి, మియా చూడకుండా దించితే ఏమున్నట్టు? దించలేదు. ఇంకో చుట్టు తిప్పి, అప్పుడే లేచిన పిల్లగాలికి ఎదురొడ్డి, ముక్కు కాస్త ఎత్తి స్తంభం మీదికి తెచ్చాడు. ఒక్క క్షణం విమానం అక్కడ ఆగిపోయింది. నిజంగా ఆగినట్టే, తీగకు వేలాడినట్టే ఉండిపోయింది.

"ఇప్పుడు సూడు మియా. ఇప్పుడు."

పంకా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో విమానం తనంతట తానే ముక్కు వంచి, ఎవరో మెత్తగా పట్టుకొని దించుతున్నట్టు రోడ్డు మీదికి జారి, కొంత దూరం దొర్లి, గడ్డిలో పడి నిలిచింది. ఒక చక్రం ఊడింది. అంతే.

సత్యానందం పరుగెత్తి దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. నవ్వుతూనే తిరిగాడు. "వచ్చింది మియా, పైలంగ వచ్చింది!" అని అరుస్తూ నడిచాడు. దగ్గరికొస్తున్న కొద్దీ అతని నడక నెమ్మదించింది.

మియా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. మొహం స్తంభం వైపే ఉంది. కళ్లద్దాల్లో ఆకాశం ఉంది. లాల్చీ ఛాతీ దగ్గర గుడ్డ ఎగసిపడటం లేదు. పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత విమానం పక్కన పెట్టి, తారు రోడ్డు మీద, ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఏడుపు రాలేదు. వచ్చిందల్లా ఒక్కటే ప్రశ్న: చూశాడా? చూడకుండానే పోయాడా?

అప్పుడు కనబడింది. మియా ఒళ్లో గలీబు పరిచి ఉంది. దాని అంచు ఎర్రగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా తెల్లకుట్టు లేదు. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. చూపుడువేలికి పొడుగాటి తెల్లదారం వరసలు వరసలుగా చుట్టి, కొస లోపలికి దోపి ఉంది.

సత్యానందం ఆ చెయ్యి పట్టుకొని అప్పుడు ఏడ్చాడు, గట్టిగా, ఆ ఖాళీ ప్లాట్ల మధ్య ఎవరూ వినని చోట. మేకలతో వచ్చిన వీరయ్య దూరంగా ఆగి తలగుడ్డ తీశాడు.

*

మియాకు చివరి స్నానం చేయించేముందు ఆ దారాన్ని వేలి మీంచి జార్చి తీశారు. మూడో రోజు వాళ్లింటికి పోయినప్పుడు అనం దాన్ని సత్యానందం చేతిలో పెట్టింది. "ఇది మీదే చాచా," అంది.

చక్రం అతికించాడు. కృపమ్మ చీరలు ఒక పక్కకు జరిపి చోటిచ్చింది. ఎర్ర గలీబు తొడుక్కొని విమానం ఎప్పటిలాగే తీగకు వేలాడుతోంది. ముక్కున పంకా బిగించిన మొలకు ఆ దారపు చుట్ట తగిలించి ఉంది. లోపల వేలు లేకపోయినా, అది ఇంకా మియా వేలి చుట్టుకొలతకే గుండ్రంగా నిలిచి ఉంది.